బండి నీరసించిన చోటే కొలిచి చూశాను: ఇంధన సరఫరా లోపాన్ని వెతికిన నా అనుభవం

మా పెట్రోలు కారుకు 11 ఏళ్లు నిండిన తరువాత ఒక అంతుపట్టని జబ్బు పట్టుకుంది. ఉదయం తాళం తిప్పగానే స్టార్టయ్యేది. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఏ వణుకూ లేకుండా నడిచేది. దగ్గరి దూరాలు తిరిగినంతసేపు ఏ లోపమూ కనిపించేది కాదు. కాని అరగంటకు పైగా నడిపిన తరువాత, ఎత్తు ఎక్కుతున్నప్పుడో, ముందున్న వాహనాన్ని దాటడానికి యాక్సిలరేటరును గట్టిగా తొక్కినప్పుడో, ఇంజిన్ ఒక్కసారిగా నీరసించి, రెండు మూడు కుదుపులు కుదిపి, లాగడం మానేసేది. కాలు కొంచెం తీసి నెమ్మదిగా తొక్కితే మళ్లీ అందుకునేది. ఒకరోజు లారీని దాటుతూ సగం దూరం వచ్చాక ఇదే జరిగింది. ఎదురుగా వస్తున్న వాహనం ఇంకా దూరంగా ఉండబట్టి వేగం తగ్గించి మళ్లీ లారీ వెనుకకు చేరగలిగాను. అప్పుడు కారులో మా అమ్మ కూడా ఉంది. కారణం తెలిసేదాకా ఆ కారుతో ఏ పెద్ద వాహనాన్నీ దాటకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

కారును మొదట చూపించిన వర్క్‌షాపులో స్పార్క్ ప్లగ్గులు, గాలి ఫిల్టరు మార్చారు. పది రోజులకు మళ్లీ తీసుకువెళితే, ఇంజిన్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సరు మార్చారు. మూడోసారి వెళ్లేసరికి డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు కూడా వెలిగింది. ఇంజిన్ కంప్యూటరులోని సమాచారాన్ని చదివే స్కానరు పెడితే పి0171 అనే కోడ్ వచ్చింది. గాలి పాలు ఎక్కువై, పెట్రోలు పాలు తక్కువై, మిశ్రమం పలచబడిందని దాని అర్థం. పెట్రోలు పంపు పాడైందేమోనని నేనే అడిగాను. వాళ్లు పెట్రోలు ప్రెజర్ కొలిచే గేజి తగిలించి, యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిన్‌ను నిలకడగా నడిపించి, 3.5 బార్ ప్రెజర్ ఉందని, మా కారుకు ఉండవలసినది అంతేనని, కాబట్టి పంపు బాగానే ఉందని చెప్పి, పెట్రోలులోనే కల్తీ ఉండి ఉంటుందన్నారు. వాళ్లు మోసం చేశారని నేను అనను. గేజి చూపిన అంకె నిజమే. అయితే లోపం లేని సమయంలో తీసుకున్న ఆ అంకెను చూసి, లోపం ఉన్న సమయం గురించి తీర్పు చెప్పారు. ఇది నాకు అర్థం కావడానికి మరో నెల పట్టింది.

ఆ నెలలో నేను చేసిన మొదటి పని, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పెట్రోలు నడిచే దారిని వర్క్‌షాప్ మాన్యువల్ ముందు పెట్టుకుని అర్థం చేసుకోవడం. మా కారులో పంపు ట్యాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉంటుంది. దాని అడుగున ఒక జాలీ ఉంటుంది. ప్రెజర్‌ను 3.5 బార్ దగ్గర నిలిపే రెగ్యులేటరు కూడా ట్యాంకులోనే ఉండి, మిగిలిన పెట్రోలును అక్కడికక్కడే వెనక్కి వదిలేస్తుంది. కారు అడుగున వేరుగా ఒక ఫిల్టరు, అక్కడి నుంచి ముందుకు సన్నని గొట్టం, ఇంజిన్ మీద పెట్రోలును పంచే ఫ్యూయల్ రెయిల్ అనే గొట్టం, దానికి పెట్రోలును ఇంజిన్‌లోకి చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు ఉంటాయి. పాత పద్ధతి కార్లలో రెగ్యులేటరు రెయిల్ మీదే ఉండి, మిగిలిన పెట్రోలు రెండో గొట్టం ద్వారా ట్యాంకుకు తిరిగి వెళుతుంది. అటువంటి కార్లలో రెగ్యులేటరుకు వచ్చే వాక్యూమ్ గొట్టాన్ని తీస్తే ప్రెజర్ సుమారు అర బార్ పెరగాలి. ఎవరి కారులో ఏ పద్ధతి ఉందో తెలుసుకోకుండా గేజి తగిలిస్తే అంకెలకు అర్థం ఉండదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసిన విషయం పరిమాణం. నిలబడి ఉన్న ఇంజిన్ గంటకు ఒక లీటరులోపు పెట్రోలు మాత్రమే తాగుతుంది. అదే ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు గంటకు 30 లీటర్ల దాకా అడగవచ్చు. అంటే నిలకడగా ఉన్నప్పుడు సగం చచ్చిన పంపు కూడా 3.5 బార్ చూపించగలదు, ఎందుకంటే అక్కడ దానిని అడిగేవారే లేరు. తాళం తిప్పగానే వెనుక సీటు కింద రెండు సెకన్లపాటు వినిపించే సన్నని రొదను చాలామంది పంపు ఆరోగ్యానికి రుజువుగా తీసుకుంటారు. నేనూ అలాగే తీసుకున్నాను. ఆ రొద మోటారు తిరుగుతోందని మాత్రమే చెబుతుంది, ఎంత పెట్రోలు పంపుతోందో చెప్పదు.

గేజి తగిలించే ముందు స్కానరుతో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూశాను. ఆక్సిజన్ సెన్సరు చెప్పిన దాన్నిబట్టి ఇంజిన్ కంప్యూటరు ఇంజెక్టర్లను ఎంత ఎక్కువసేపు లేదా తక్కువసేపు తెరుస్తోందో ఈ శాతం చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం. మా కారులో నిలకడగా ఉన్నప్పుడు అది ప్లస్ 3, నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 8, అరగంట నడిపి ఎత్తు ఎక్కుతున్నప్పుడు ప్లస్ 24. ఈ మూడు అంకెల వరుసే దారి చూపించింది. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ గొట్టాల్లో ఎక్కడో గాలి లీకై ఉంటే, మా కారులాగా లోపలికి వచ్చే గాలిని సెన్సరుతో కొలిచే ఇంజిన్లలో, ట్రిమ్ నిలకడ దగ్గర ఎక్కువగా ఉండి వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే ఇంజిన్ పీల్చే గాలి పెరిగేకొద్దీ లీకు వాటా చిన్నదవుతుంది. మా దగ్గర సరిగ్గా దానికి వ్యతిరేకంగా జరుగుతోంది. భారం పెరిగేకొద్దీ కొరత పెరుగుతోందంటే రెండే అనుమానాలు మిగులుతాయి. ఒకటి, గాలి కొలిచే సెన్సరు మురికి పట్టి, లోపలికి వచ్చే గాలిని తక్కువ చేసి చెప్పడం. రెండు, అడిగినంత పెట్రోలు అందకపోవడం. ఈ రెండింటిని స్కానరు ఒక్కటే విడదీయలేదు. పెట్రోలు ప్రెజర్‌ను రోడ్డు మీద కొలవక తప్పదు.

ఇక్కడ జాగ్రత్తల గురించి చెప్పి తీరాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోకుండా నేలను పట్టుకుని పాకుతుంది, దూరంగా ఉన్న చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. అందుకే పనంతా ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత, పెట్రోలు మంటలకు పనికివచ్చే అగ్నిమాపక సిలిండరును చేతికందే దూరంలో ఉంచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చేశాను. ఇంధన గొట్టం విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్‌ను స్టార్టు చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడిపించి, లోపలి ప్రెజర్‌ను దించి, ఆ తరువాత బ్యాటరీ నెగెటివ్ తీసివేశాను. అయినా విప్పేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టాను, కొన్ని చుక్కలు వచ్చాయి. ఇదంతా 3 నుంచి 4 బార్ మధ్య నడిచే మామూలు పెట్రోలు ఇంజెక్షనుకు మాత్రమే వర్తిస్తుంది. సిలిండరులోకి నేరుగా చిమ్మే పెట్రోలు ఇంజిన్లలో రెయిల్ ప్రెజర్ వంద బార్లు దాటుతుంది, కామన్ రెయిల్ డీజిల్ ఇంజిన్లలో 1,600 బార్లు కూడా దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. ఆ వైపు గొట్టాల జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లకూడదు.

గేజికి పొడవైన గొట్టం తగిలించి, బానెట్ అంచు నుంచి నలగకుండా బయటకు తీసి, గేజిని ముందు అద్దం మీద బయటివైపున టేపుతో అంటించాను. పెట్రోలు ఉన్న గొట్టాన్ని కారు లోపలికి ఎన్నడూ తీసుకురాకూడదు. కదిలే ముందు ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, ప్రతి అతుకును తడిమి చూసి, తడి లేదని నిర్ధారించుకున్నాను. మా తమ్ముడు నడిపాడు, నేను పక్కన కూర్చుని ఒళ్లో స్కానరు, కళ్ల ముందు గేజి పెట్టుకుని అంకెలు రాశాను.

మొదటి ఇరవై నిమిషాలు ముల్లు 3.5 దగ్గరే ఉంది. గట్టిగా తొక్కినా 3.4కు మించి దిగలేదు. నేను పొరబడ్డానేమో, లోపం గాలి సెన్సరుదేనేమో అనిపించింది. ముప్పై అయిదో నిమిషంలో ఎత్తు మొదలైంది. మా తమ్ముడు నాలుగో గేరులో యాక్సిలరేటరును తొక్కి పట్టుకోగానే ముల్లు 3.2కు, 2.7కు, చివరకు 2.2కు దిగింది. అదే క్షణంలో "అన్నయ్యా, లాగడం లేదు" అన్నాడు. ఆక్సిజన్ సెన్సరు 0.2 వోల్టుల లోపే పడి ఉంది, అంటే పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోంది. కాలు తీయగానే ముల్లు మళ్లీ 3.5కు ఎక్కింది. నెలల తరబడి నడుము దగ్గర కుదుపుగా మాత్రమే తెలిసిన లోపాన్ని మొదటిసారి కంటితో చూశాను. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇంటికి వచ్చి ఒక చిన్న లెక్క వేశాను. ఇంజెక్టరు తెరిచి ఉన్న సమయం ఒకటే అయితే, దాని గుండా వెళ్లే పెట్రోలు ప్రెజర్ వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది. 3.5 నుంచి 2.2కు దిగితే నిష్పత్తి సుమారు 0.63, దాని వర్గమూలం సుమారు 0.79. అంటే పెట్రోలు దాదాపు 21 శాతం తగ్గింది. ఆ లోటును పూడ్చాలంటే ఇంజెక్టర్లను సుమారు 26 శాతం ఎక్కువసేపు తెరవాలి. స్కానరు చూపిన ప్లస్ 24 దీనికి చాలా దగ్గరగా ఉంది. ఇంటేక్‌లో ఆ సమయాన ఉండే కొద్దిపాటి వాక్యూమ్‌ను నేను లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి కచ్చితంగా కలవాలని కూడా ఆశించలేదు. రెండు వేర్వేరు పనిముట్లు ఒకే కథ చెప్పినప్పుడు గాలి సెన్సరు మీద అనుమానం పూర్తిగా పోయింది.

ప్రెజర్ పడిపోతోందని తెలిసింది. ఎందుకు పడిపోతోందో ఇంకా తెలియదు. పంపు అరిగి ఉండవచ్చు, దారిలో అడ్డు ఉండవచ్చు, పంపుకు అందే కరెంటు చాలకపోవచ్చు. ఇవి కాక ట్యాంకుకు గాలి వెళ్లే మార్గం మూసుకుపోతే, పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు పీల్చలేకపోతుంది. ఇది చూడటం అన్నిటికంటే తేలిక కాబట్టి మొదట అదే చూశాను. లోపం కనిపించిన వెంటనే కారు ఆపి ట్యాంకు మూత తీశాను. లోపలికి గాలి పీల్చుకున్న బుస్సుమనే శబ్దం రాలేదు. మూత మళ్లీ పెట్టి నడిపినా మార్పు లేదు. ఆ సంగతి అంతటితో ముగిసింది.

తరువాత ఫిల్టరు మార్చాను. పాతదానిలో మిగిలిన పెట్రోలును, ట్యాంకు వైపు మూతి నుంచి తెల్లని గుడ్డ మీదకు వంచితే, నల్లని ద్రవం, సన్నని తుప్పు రజను వచ్చాయి. దొంగ దొరికాడనుకున్నాను. రోడ్డు మీద చూస్తే కనిష్ఠ ప్రెజర్ 2.2 నుంచి 2.5కు పెరిగింది, బండి కొంచెం బాగా లాగింది. ఈ సగం మెరుగుదల నన్ను వారం రోజులు తప్పుదారి పట్టించింది. కొత్త ఫిల్టరు వేస్తే కొంత బాగుపడింది కాబట్టి మిగిలిన అడ్డు కూడా మురికే అయి ఉంటుందని, పంపు అడుగున జాలీ మూసుకుపోయి ఉంటుందని గట్టిగా నమ్మాను. నిజానికి బలహీనంగా తిరుగుతున్న పంపుకు దారిలో ఉన్న కొద్దిపాటి అడ్డు తగ్గినా ఊరట కలుగుతుంది. ఒక లోపాన్ని సరిచేసినప్పుడు లక్షణం తగ్గిందంటే అదే అసలు కారణమని కాదు.

జాలీ కోసం ట్యాంకు తెరవబోయే ముందు పరిమాణం కొలిచాను. ఇంజిన్ వైపు గొట్టాన్ని విప్పి, నేల మీద పెట్టిన లోహపు డబ్బాలోకి వదిలి, ఆ డబ్బాను వైరుతో కారు బాడీకి కలిపి, పంపును 30 సెకన్లు నడిపించాను. పంపును నడపడానికి, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలేను తీసి, దాని సాకెట్టులో 30, 87 అంకెలున్న రెండు టెర్మినళ్లను ఫ్యూజున్న వైరుతో, డబ్బాకు దూరంగా నిలబడి కలిపాను. మా కారుకు మాన్యువల్ అడిగే కనిష్ఠం 500 మిల్లీలీటర్లు. చల్లగా ఉన్నప్పుడు 590 వచ్చాయి. 40 నిమిషాలు నడిపిన తరువాత, ఇంజిన్ గదిలో వేడి తగ్గేదాకా బానెట్ ఎత్తి ఉంచి, ఆ వ్యవధిలో పంపును మాత్రం ఆపకుండా నడిపించి, ఆ తరువాత ప్రెజర్ దించి మళ్లీ కొలిస్తే 380 మాత్రమే వచ్చాయి. జాలీ మూసుకుపోతే చల్లగా ఉన్నప్పుడు కూడా మూసుకుపోయే ఉండాలి కదా అన్న ప్రశ్న మొదటిసారి తలెత్తింది. వేడితో వచ్చే లోపం మురికిది అయ్యే అవకాశం తక్కువ. మోటారుదో, కరెంటుదో కావాలి.

అప్పటికి కొత్త పంపు కొనడానికి దాదాపు సిద్ధమయ్యాను. ఆపినది, వైరును విప్పకుండానే అందులో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు. పంపు వైరు చుట్టూ దానిని పట్టించి చూస్తే చల్లగా ఉన్నప్పుడు 6 ఆంపియర్లు, లోపం ఉన్నప్పుడు 5 ఆంపియర్లు చూపింది. పంపు నుంచి పెట్రోలు బయటకు వెళ్లే దారి మూసుకుపోతే అది ఎక్కువ ప్రెజర్‌కు వ్యతిరేకంగా కష్టపడి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. మోటారు బిగుసుకుపోతున్నా ఎక్కువే తీసుకుంటుంది. ప్రెజర్ తగ్గి, కరెంటు కూడా తగ్గిందంటే, లోపలి భాగాలు అరిగి పంపు తేలికగా తిరుగుతూ ఉండాలి, లేదా పీల్చుకోవడానికి పెట్రోలు దొరకకపోవాలి, లేదా దానికి వోల్టులే అందకపోవాలి. మూడోదాన్ని చూడటానికి ట్యాంకు తెరవనక్కర లేదు.

వెనుక సీటు ఎత్తి, పంపు కనెక్టరును విప్పకుండా, వెనుక నుంచి వైరు పక్కగా సన్నని పిన్నులు దించి, మల్టీమీటరు తగిలించాను. విప్పి కొలిస్తే ఈ పరీక్షకు విలువ ఉండదు. పని చేయని వైరులో కరెంటు పారదు, కరెంటు పారనిచోట ఒక్క తీగపోగు మిగిలిన వైరు కూడా పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది. మళ్లీ మా తమ్ముడు నడిపాడు, నేను వెనుక కూర్చున్నాను. మొదట పంపు దగ్గర 13.5 వోల్టులు. నలభై నిమిషాలకు ఎత్తు దగ్గర 11.2. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 14.1 ఉన్నట్టు ముందు సీటులోని స్కానరు చూపిస్తోంది. ఎక్కడో దారిలో 2.9 వోల్టులు మాయమవుతున్నాయి. ఈ రకం మోటారు వేగం వోల్టులను బట్టి ఉంటుంది. వేగం తగ్గితే పంపే పెట్రోలు అంతకంటే ఎక్కువ వంతు తగ్గుతుంది, ఎందుకంటే 3.5 బార్‌ను నిలబెట్టడానికే దాని శక్తిలో చాలా భాగం పోతుంది.

మాయమైన వోల్టులు ఎక్కడున్నాయో వెతకడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. వేడి దిగకుండా కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా, పొడవైన వైరుతో బ్యాటరీ పాజిటివ్ నుంచి పంపు పాజిటివ్ దాకా మీటరు పెట్టాను. ఫ్యూజు, రిలే, వైరు అన్నీ కలిపి 0.4 వోల్టులు. ఆ పొడవుకు ఇది సహించదగినదే. తరువాత పంపు నెగెటివ్ నుంచి బ్యాటరీ నెగెటివ్ దాకా పెట్టాను. 2.4 వోల్టులు. ఉండవలసినది 0.2 లోపు. అంటే వచ్చే దారి బాగానే ఉంది, తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. రిలేలు, ఫ్యూజుల వైపే చూసే మనకు ఎర్తు వైరు కూడా సర్క్యూట్‌లో సగమన్న సంగతి గుర్తుకు రాదు.

ఆ నల్ల వైరును పట్టుకుని వెళితే, వెనుక తలుపు గడప దగ్గర, ప్లాస్టిక్ పట్టీ కింద, కార్పెట్ లోపల బాడీకి బోల్టుతో బిగించిన చోటుకు చేరాను. కార్పెట్ అడుగున ఉన్న స్పాంజి తడిగా ఉంది. బోల్టు కింద వైరు చివరన ఉండే లోహపు కన్ను పచ్చగా చిలుము పట్టి, బాడీ రేకు తుప్పు పొరలు లేచి ఉంది. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కన్ను దగ్గర రెండు అంగుళాల మేర రంగు మారి గట్టిపడింది. 2.4 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 12 వాట్లు. ఆ చిన్న అతుకులో గంటల తరబడి 12 వాట్ల వేడి పుడుతోంది. చల్లగా ఉన్నప్పుడు కొద్దిగానే అడ్డుపడే తుప్పు, పంపు నడిచేకొద్దీ వేడెక్కి, అతుకు ఇంకా వదులై, మరింత అడ్డుపడుతోంది. వేడి తెచ్చిన లోపమన్నప్పుడు నేను ఇంజిన్ వేడిని, ట్యాంకు వేడిని, ఎండను అనుమానించాను. నిజంగా వేడెక్కుతున్నది సీటు పక్కన నా చేతికి జానెడు దూరంలో ఉంది.

కుతూహలం కొద్దీ ఆ అతుకు పూర్తిగా చల్లారిన తరువాత మల్టీమీటరును ఓముల మీద పెట్టి కొలిచాను. 0.3 ఓములు చూపింది. మీటరు వైర్లు రెండింటిని ఒకదానికొకటి తాకించినా 0.2 చూపిస్తుంది. ఆ అంకె చూసిన ఎవరైనా ఎర్తు బాగుందని రాసి ఇచ్చేవారే. అతుకుల ఆరోగ్యాన్ని ఓములతో కాక, కరెంటు పారుతుండగా పోయే వోల్టులతోనే తేల్చాలని ఆ రోజు నుంచి నాకు పట్టుదల.

బాగుచేయడానికి పట్టిన సమయం గంటన్నర. పాడైన భాగం కత్తిరించి, అంతే మందం ఉన్న కొత్త వైరు ముక్క కలిపి, కొత్త కన్ను నొక్కించి, రేకును మెరిసేదాకా గీకి, కొత్త బోల్టుతో బిగించి, పైన నీరు తగలకుండా గ్రీజు పూశాను. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా వదిలితే ఏడాదికి మళ్లీ ఇదే కథ. కార్పెట్ ఎత్తి పెట్టి, తమ్ముడిని బయట నుంచి నీళ్లు పోయమని, లోపల టార్చితో చూశాను. గడప అడుగున రంధ్రానికి ఉండే రబ్బరు బిరడా ఒకటి సగం ఊడి ఉంది. దానిని మార్చి, స్పాంజిని రెండు రోజులు ఎండబెట్టిన తరువాతే కార్పెట్ పరిచాను.

ఆ తరువాత పరీక్షలన్నీ మొదటి నుంచి చేశాను. ఎర్తు వైపు పోయే వోల్టులు 0.08. వేడిమీద 30 సెకన్లకు 580 మిల్లీలీటర్లు. ఇంజిన్ ఆపిన 20 నిమిషాలకు గేజి ఇంకా 3.2 చూపుతోంది, అంటే పంపు లోపలి వాల్వు పట్టి ఉంచుతోంది, ఇంజెక్టర్లు కారడం లేదు. 11 ఏళ్ల పంపు ఇంకా గట్టిగా ఉందన్న మాట. కొత్త పంపు బిగించి ఉంటే అది కూడా అదే తుప్పు పట్టిన ఎర్తు మీద నీరసించేది. నేను దానిని నాసిరకమని తిట్టుకుని ఇంకొకటి కొనేవాడిని.

కంప్యూటరులో పాత ట్రిమ్ అంకెలు చెరిపివేసి, అదే రోడ్డుకు, అదే ఎత్తుకు మళ్లీ వెళ్లాం. నలభై నిమిషాల తరువాత నాలుగో గేరులో పూర్తిగా తొక్కినా ముల్లు 3.4 దగ్గర నిలిచింది. ఆ ఎత్తు ఎక్కుతున్నంతసేపు ట్రిమ్ ప్లస్ 4 దాటలేదు. గేజి విప్పి, అతుకులు తడిమి చూసుకుని, మూడు వారాలు మామూలుగా తిరిగాను. ఇంజిన్ లైటు మళ్లీ వెలగలేదు. నాలుగో వారంలో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వెళుతూ, ఎదురుగా చాలా దూరం ఖాళీగా ఉన్నచోట, ముందున్న లారీని దాటాను.